అమీర్‌పేటలో రైలు మారిన రూతు

నిజాంపేట నుంచి మాదాపూర్‌కు మెట్రోలో వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మరీ ముఖ్యంగా, ఇంట్లో ఒకరు పెద్ద జబ్బు నుంచి లేచి మళ్లీ ఆఫీసు మొహం చూడబోతుంటే చదవండి. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే మా మనవరాలు రూతు సంగతి అదే. పోయినేడు ఉన్నట్టుండి దానికి నిద్ర పట్టడం మానేసింది. మెట్రోలో జనమంతా తనమీద కుట్ర చేస్తున్నారనేది. ఒక ఆదివారం ప్రార్థనలో అర్థంకాని మాటలు గడగడా మాట్లాడితే, పరిశుద్ధాత్మ వరం దిగిందని సంఘమంతా చప్పట్లు కొట్టింది. వారం తిరగకుండా వాళ్ల మేనత్తను కరిచింది. అంతే, ఆ వరమే దయ్యమైపోయింది! తర్వాత ఆసుపత్రిలో పిచ్చి అన్నారు, మాత్రలిచ్చారు. తగ్గకపోగా ఫిట్స్ వచ్చాయి. అప్పుడు మెదడు డాక్టరమ్మ వెన్నులో నీరు తీయించి పరీక్ష చేయించింది.

"పిచ్చి కాదు తాతగారూ. రోగాలతో పోరాడాల్సిన శక్తే దారితప్పి ఈ అమ్మాయి మెదడు మీద పడింది. దీనికి మందుంది" అంది.

మందు పనిచేసింది. కాస్త మతిమరుపు మాత్రం మిగిలింది. ఉద్యోగానికి వెళ్లొచ్చని డాక్టరమ్మ చెప్పినా, మా కోడలు ఒంటరిగా పంపనని పట్టుబట్టింది. చివరికి ఒక షరతు పెట్టింది.

"దారంతా అదే చూసుకోవాలి. మీరు వెనక నడవండి మామయ్యగారూ, నోరు విప్పకండి. చేరిందా, సోమవారం నుంచి ఆఫీసుకు పంపిస్తా. లేదా, ఉద్యోగం మానెయ్యాల్సిందే."

రద్దీ తగ్గాక, పది దాటి బయల్దేరాం. జేఎన్‌టీయూ దాకా షేర్ ఆటో. డ్రైవర్ అద్దంలో నన్ను చూసి నవ్వాడు.

"ఏంది తాతా, గిట్ల మూతి బిగవట్టినవ్? పన్ను నొస్తుందా?"

"కాదన్నా, మా అమ్మ ఆర్డరు. ఇవాళ తాత నోరు తెరిస్తే నా ఉద్యోగం పోతుంది" అంది రూతు.

"జర మా ఇంటికి గూడ ఓ ఆర్డర్ పంపియ్యుమను చెల్లె!"

జేఎన్‌టీయూలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, హైటెక్ సిటీ వైపు వెళ్లే రైలు మారాలి. చుట్టుదారే, కానీ రోడ్డు మీద ఇరుక్కోవడం ఉండదు. అమీర్‌పేటలో దిగగానే రూతు ఆగిపోయింది. మెట్లు కొన్ని పైకి, కొన్ని కిందికి. పిల్ల మొహం తెల్లబోయింది. దారి నాకు తెలుసు. మాదాపూర్ మేడలకు ఇటుకలు పేర్చిన మేస్త్రీని, నాకు తెలియకపోతే ఎవడికి తెలుసు? ఒక అడుగు ముందుకేశాను. అది వెనక్కి చూడకుండానే చెయ్యెత్తింది.

"తాతా, ఊరుకో."

నేరుగా గోడవార నిలబడ్డ ఒకావిడ దగ్గరికి వెళ్లింది.

"అక్కా, హైటెక్ సిటీకి ఎటెళ్లాలి? నాకు గుర్తు రావట్లేదు."

"పైకెక్కు బిడ్డా. రాయదుర్గం పొయ్యే బండెక్కు, నడుమ హైటెక్ సిటీ వస్తది."

మాదాపూర్‌లోని హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి వాళ్లమ్మకు ఫోన్ చేసింది.

"చేరాం మమ్మీ. అమీర్‌పేటలో మర్చిపోయా. ఒకావిణ్ణి అడిగా."

స్పీకర్‌లో మా కోడలి గొంతు వినిపించింది.

"తెలియనామెను నువ్వే వెళ్లి అడిగావా?"

"ఆఁ."

"సరే. సోమవారం బాక్సులో ఏం పెట్టమంటావ్?"

ఈ వయసు దాకా నేను ఎవరినీ దారి అడగలేదు, అదో గొప్ప అనుకునేవాణ్ణి. జనాన్ని చూస్తేనే వణికిన పిల్ల జనాన్నే నమ్మి అడగడం అంతకంటే గొప్ప. చక్కగా ఉన్న మనిషి ఉన్నట్టుండి మారిపోయి, పైగా ఫిట్స్ కూడా వస్తే, పిచ్చని తేల్చెయ్యకండి, మెదడు డాక్టరుకూ చూపించండి. ఇక ప్రయాణానికి ఒక్క సలహా: వెనక నడిచే ముసలాళ్లు బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకోండి. నోరు దానంతటదే ఊరుకుంటుంది.