జల్లెడలో మిగిలిన లైను

ఆదివారం మధ్యాహ్నం అన్నంలో చెయ్యి పెట్టానో లేదో, ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మా సారు పోయారట. కొవ్వూరులో, వాళ్ళింట్లో, భోజనాల బల్ల దగ్గర, లాప్‌టాప్ ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే. ఆయన భార్య, మేడం గారు, చర్చి నుంచి తిరిగొచ్చేసరికి తల బల్ల మీదకి వాలి ఉందట. నేను నమ్మలేదు. శనివారం సాయంత్రం బ్యాగు సర్దుకుంటూ, సోమవారం కలిసి చూద్దామమ్మా అని చెప్పి వెళ్ళిన మనిషి ఎలా పోతాడు?

మాది రాజమండ్రిలో మందుల హోల్‌సేల్ కంపెనీ. ఊళ్ళలో షాపులు ఆర్డర్లు పెడితే బిల్లులు కొట్టి సరుకు పంపిస్తాం. ఆ బిల్లులన్నీ ఒక డేటాబేస్ సర్వర్‌లో ఉంటాయి. దాని బాగోగులు చూసేది సారు, ఆయన కింద నేను. సర్వర్ నెమ్మదించిందంటే జంగారెడ్డిగూడెం డిపో దగ్గర ఆటోలు ఖాళీగా నిలబడతాయి, మా ఫోన్లు మోగుతూనే ఉంటాయి.

అప్పుడు సారు ట్రేస్ పెట్టేవారు. అంటే సర్వర్‌ని ఎవరు ఏం అడిగారు, జవాబివ్వడానికి ఎంతసేపు పట్టింది అన్నది అది వరసగా ఫైల్లోకి రాసుకుంటూ పోతుంది. గంట తిరిగేసరికి లక్షల లైన్లు. మామూలుగా తెరవబోతే కంప్యూటర్ బిగుసుకుపోతుంది. సారు తెరిచేవారు కాదు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, నల్ల స్క్రీన్ మీద ఒక కమాండు, నిలువుగీత, ఇంకో కమాండు కొట్టేవారు. ఆయన రాసుకున్న చిన్న స్క్రిప్టులకి చేట, జల్లెడ అని పేర్లు. చేట అయితే యంత్రం తనంతట తాను వాగే లైన్లని చెరిగేస్తుంది. జల్లెడ మనం చెప్పిన పేరు, చెప్పిన టైము ఉన్నవే మిగులుస్తుంది.

"వెతకొద్దమ్మా. అక్కర్లేనిది తీసెయ్. మిగిలింది అదే చెబుతుంది," అనేవారు.

నాకు ముక్కు మీద కోపం. ఓసారి బిల్లింగ్ ఆగిపోతే డిపోవాళ్ళ మీద ఒంటికాలి మీద లేచి, అరపేజీ మెయిల్ రాశాను. పంపేముందు సారు చదివారు. డిపో నిర్లక్ష్యం వల్ల అన్న మాట దగ్గర ఆగి, "నిర్లక్ష్యం ఏ లైన్లో ఉందమ్మా?" అని అడిగారు. ఒక్కో వాక్యం తీసేస్తూ పోతే చివరికి టైము, డిపో పేరు, వాళ్ళు అడిగిన రిపోర్టు పేరు మిగిలాయి. ఫైలు ఎంత చెబితే అంతే చెప్పాలట, తక్కువా చెప్పకూడదట. మనిషికి అంత నిదానం ఎక్కడినుంచి వచ్చిందో అని విసుక్కునేదాన్ని. ఆ తర్వాత మధ్యాహ్నం క్యారియర్ విప్పి, చేపల పులుసు సగం నా పళ్ళెంలో వేసేవారు. విసుగు పులుసుతో పాటు దిగిపోయేది.

ఆయనకి తిక్కలూ ఉన్నాయి. ఒంట్లో ఏదున్నా గ్యాస్ అనేవారు. ఆ ఆదివారం పొద్దున కూడా అంతే అన్నారట. కొంచెం గ్యాస్, సర్వర్ సంగతి చూసుకుని వెనకే వస్తాను, నువ్వు నడువు అన్నారట. మేడం గారు జీలకర్ర నీళ్ళు కాచిచ్చి, బైబిల్ పట్టుకుని వెళ్ళారు.

ఆ సాయంత్రం సమాధుల తోటలో మట్టి వేసి వస్తుంటే మేడం గారు నా చెయ్యి పట్టుకున్నారు. పోయి ఎంతసేపయిందో డాక్టరు సరిగ్గా చెప్పలేకపోయారట. "చివరిదాకా మీ ఆఫీసు పనే చేశారు కదమ్మా. ఎప్పుడు ఆపారో ఆ మిషన్‌కి తెలుస్తుంది కదా. చూసి చెప్పు. ఎనిమిదింటికి ఆరాధన అయిపోయింది, చర్చి నుంచి ఇంటికి ఐదు నిమిషాలే. నేను తిన్నగా ఇంటికి రాలేదు," అన్నారు.

సరేనన్నాను. ఎందుకన్నానా అని ఇప్పటికీ ఏడుపొస్తుంది.

సోమవారం ఆఫీసుకి వెళ్ళి, సర్వర్ నెమ్మదించిందని సారు శనివారం పెట్టిన ట్రేస్ ఫైలు తీశాను. సారు పేరుతో జల్లెడ పట్టాను. లైన్లు ఆదివారం సాయంత్రం దాకా ఉన్నాయి! తర్వాత తెలిసింది, ఇంట్లో ఎవరూ ఆ లాప్‌టాప్ జోలికి పోలేదు, అది నేనున్నాను నేనున్నాను అని సర్వర్‌ని నిమిషానికోసారి పలకరిస్తూనే ఉంది. అవతల పెట్టె తెచ్చి ఆయన్ని పడుకోబెడుతుంటే కూడా.

చేట పెట్టి చెరిగాను. మనిషి చేత్తో అడిగినవి మిగిలాయి. చివరి లైన్లో సారు జంగారెడ్డిగూడెం స్టాకు చూశారు. ఆ ఫైల్లో టైము మనది కాదు, ఐదున్నర గంటలు కలుపుకోవాలి. కలిపాను. ఎనిమిదింపావు దాటింది. తప్పు కలిపానేమోనని కాగితం మీద మళ్ళీ కలిపాను. సర్వర్ గడియారం ముందుకి నడుస్తోందేమోనని అదీ చూశాను. సరిగ్గానే ఉంది, పాడుది.

కొవ్వూరు వంతెన దాటేంతవరకు అబద్ధం అల్లుతూనే ఉన్నాను. ఏడున్నరకే ఆగిపోయిందండీ అంటే ఎవరికి తెలుస్తుంది? సారుకి తెలియదు. ఆయన లేరు. కానీ ఆ బల్ల దగ్గర మేడం గారి ఎదురుగా కూర్చున్నాక, ఆయన నేర్పిన పని చేసి ఆయన విషయంలోనే దొంగలెక్క చెప్పడానికి నోరు రాలేదు. మూడుసార్లు అడిగారు. చెప్పేశాను.

"మీరు ఇంట్లో ఉంటే ఏమయ్యేదో మాత్రం అందులో లేదండీ," అన్నాను. నా ఓదార్పు అంతవరకే వచ్చింది.

మేడం గారు, "చర్చి వరండాలో టీ ఇచ్చారమ్మా. బాగుందని రెండో గ్లాసు పోయించుకున్నాను," అన్నారు.

ఆ సర్వర్ ఇంకా నెమ్మదిగానే ఉంది, సారు దేనికోసం వెతుకుతున్నారో నాకు అంతుపట్టలేదు, కొత్త మిషన్ కొందామంటున్నారు మావాళ్ళు. చెప్పి నేనేం బావుకున్నాను?

లాప్‌టాప్ ఆఫీసువాళ్ళు అప్పటికే పట్టుకెళ్ళారు. అది ఉన్న చోటుని మేడం గారు చీరకొంగుతో తుడవడం మొదలుపెట్టారు. అక్కడ దుమ్ము కూడా లేదు. నేను వెళ్ళొస్తానండీ అని లేచి, చెప్పులు వేసుకుని, గేటు దగ్గర వెనక్కి తిరిగి చూసేసరికి కూడా తుడుస్తూనే ఉన్నారు.