డబ్బాలో చోటు లేదు

హెలికాప్టర్ నన్ను దింపి, రెక్కలు ఆపకుండానే వెళ్లిపోయింది. ఎదురుగా మంచు. అందులో సగం కూరుకుపోయిన మూడు గుడిసెలు. అదే మా సైనిక పోస్టు. గూడూరు దగ్గరి తండాలో పుట్టినవాణ్ని, చలంటే నాకు తెలిసింది పొద్దున్నే మంట కాచుకోవడం. ఇక్కడ ఊపిరి పీలిస్తే ముక్కు లోపల గడ్డకట్టింది.

నేను సిగ్నల్స్ టెక్నీషియన్ని. గస్తీకి వెళ్లేవాళ్లు ఛాతీకి కట్టుకునే డబ్బాలు నా పూచీ. మనిషి మంచు కింద పడ్డా, ఎక్కడున్నాడో డబ్బా చెబుతూనే ఉండాలి. దాన్ని నడిపే ప్రోగ్రాం అంతా గోరంత చిప్‌లో ఇమడాలి. మీరు ఫోన్‌లో వంద యాప్‌లు వేసుకుంటారు. మాకు ఆ వైభోగం లేదు.

చలికి డబ్బాలు ఆగిపోతున్నాయని సరిచేశాను. ఒకటి తీసి చూస్తే చక్కగా పలికింది. రేడియో ఆపరేటర్ పక్కనే ఉన్నాడు. మొగుళ్లపల్లి వాడు, మర్నాడు గస్తీకి వెళ్లాల్సినవాడు.

"గది ఏడికెళ్లి తీసినవే అన్నా? నీ కోటులకెళ్లే గదా! ఇంక సల్లగనే కాలే."

నిజమే. బ్యాటరీ ఉన్న ఏ వస్తువునైనా కోటు లోపల దాచుకోవడం అక్కడ అందరి అలవాటు. డబ్బాను మంచులో పూడ్చి, చాయ్ తాగి వచ్చాం. చచ్చి ఉంది.

చలికి బ్యాటరీ ఒక్క క్షణం తడబడితే ప్రోగ్రాం ఆగిపోతోంది. మళ్లీ లేవడం దానికి తెలియదు. లేపే భాగం రాశాను. చిప్‌లో పట్టలేదు. ప్రోగ్రాంను చిప్ భాషలోకి మార్చే కంపైల్‌ను, సైజు తగ్గించే పద్ధతిలో మళ్లీ చేశాను. అయినా పట్టలేదు. పోస్టు కమాండర్ తలుపులోంచే చెప్పాడు: "ఉదయం ఐదింటికి గస్తీ. డబ్బాలున్నా, లేకున్నా."

మా తండావాళ్లు మిరపకాయలు ఏరడానికి వలసపోతే, నాలుగు ఇళ్లకు కలిపి ఒకటే రోలు మోసుకెళ్తారు. ఎవరికి కావాలన్నా దాని దగ్గరికే వచ్చి నూరుకుంటారు. ఈ ప్రోగ్రాంలో ఒకే లెక్క ఐదు చోట్ల రాసి ఉంది! ఒక్కచోట ఉంచి, మిగతా నాలుగు చోట్ల నుంచి దాన్నే పిలిచాను. చాలావరకు చోటు దొరికింది. ఇంకాస్త కావాలి.

ఇక తీయగలిగింది డబ్బా మీది తెరను నడిపే భాగమే. దాని అక్షరాలు, దశాంశాలు బోలెడు చోటు మింగుతున్నాయి. కానీ తెర లేకపోతే డబ్బా నడుస్తోందో లేదో మనిషికెలా తెలుస్తుంది? అదే పైకి అన్నాను.

"తెరతోని ఏం పనే? మంచుల కండ్లద్దాలకెళ్లి ఏం కనవడది," అన్నాడు ఆపరేటర్. "గా ఎర్ర లైటు ఒక్కటుంచు. మినుక్కుమంటే సాలు."

తీసేశాను. పట్టింది. మంచులో పూడ్చాం. ఆగింది, లేచింది. అన్ని డబ్బాలకూ అదే ఎక్కించాను.

పొద్దున, "జర పైలం తమ్మీ," అన్నాను.

"నువ్వు పరేషాన్ గాకన్నా," అని వెళ్లాడు.

గంట గడవకముందే రేడియో అరిచింది: "మంచు జారింది. ఆపరేటర్ కనబడటం లేదు!"

డబ్బాల సిగ్నల్ పట్టే రిసీవర్ తీసుకుని వాలు మీదికి పరుగెత్తాను. సిగ్నల్ లేదు. తీసేసినవాటిలో అక్కరకొచ్చేది ఏదైనా తీసేశానా? నా చేతులతో నేనే వాణ్ని చంపుకున్నానా? అంతలో రిసీవర్ పలికింది. ఆగింది. మళ్లీ పలికింది. అక్కడే తవ్వాం. మంచు లోపలి నుంచి ఎర్రబడింది. ఆరిపోయింది. పారలు పట్టుకుని అందరం బిగుసుకుపోయాం. మళ్లీ ఎర్రబడింది.

బతికే ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. గుడిసెకు మోసుకొచ్చాక నోరు విప్పాడు.

"లైటునే సూస్కుంట పన్నన్నా. గది ఆరినప్పుడల్లా నేను పోయిననుకున్న."

డ్యూటీ ముగిసి మహబూబాబాద్‌లో రైలు దిగాను. ఇన్నేళ్లయినా, గూడూరు దారిలో సెల్ టవర్ మీది ఎర్ర లైటు ఆరితే, అది మళ్లీ వెలిగేదాకా నా కాలు ముందుకు పడదు.