నేలమీద ఒక్క చుక్క

కీలుంగ్ రేవులో చేపల పడవలకు ముప్పై ఒక్క ఏళ్ళు గొట్టాలు బిగించిన మనిషి జిన్‌షుయ్. తన చెయ్యి పడ్డ పడవ ఒక్కటీ కారలేదంటాడు. అడిగితే చెబుతాడు, అడక్కపోతే ఇంకా ఎక్కువ చెబుతాడు. అలాంటివాడి ఇంట్లోనే నిరుడు బట్టలుతికే మిషను గొట్టం ఊడిపోయింది. కింది అంతస్తు త్సాయ్ టీచరమ్మ పడగ్గది కప్పంతా మచ్చలు కట్టింది. అతని భార్య బీయూ అనాసకేకుల డబ్బాలు పట్టుకుని మూడుసార్లు వెళ్ళి క్షమాపణ చెప్పుకొచ్చింది. ఆ సిగ్గు ఆవిడకింకా పోలేదు.

అందుకే ఉప్పునీటి చేపల తొట్టికి, కింద ఇంకో తొట్టి పెట్టి సంపు కడతానని అతనన్నప్పుడు ఆవిడ ఒకటే మాటంది. "కట్టుకో. నేలమీద ఒక్క చుక్క పడిందో, ఆ రెండింటినీ చేపల కొట్టుకిచ్చేస్తా. కాళ్ళు పట్టుకున్నా వినను."

ఆ రెండూ తెల్లపట్టీల నారింజరంగు చేపలు, పదకొండేళ్ళుగా ఇంట్లో ఉన్నవి. ఆడది పెద్దది, పొద్దస్తమానం మగదాన్ని మూలకు తరుముతుంది. బీయూ దాన్ని మహారాణి అని వెక్కిరిస్తుంది. ఆ మహారాణి నాలుగు రోజులుగా తిండి ముట్టడం లేదు. తొట్టి చిన్నది, నీళ్ళు ఊరికే పాడవుతున్నాయి. పైనీళ్ళు కింద ఇంకో తొట్టిలోకి దిగి, అక్కడ శుభ్రపడి, మోటారుతో మళ్ళీ పైకెక్కితే తప్ప అది బతకదు. జిన్‌షుయ్‌కి కూడా అన్నం సయించడం లేదు.

రెండో తొట్టి ఇంట్లోనే ఉంది. కాకపోతే దాన్నిండా బీయూ ఉల్లిపాయలు.

"వీటినెక్కడ పొయ్యమంటావ్, నీ నెత్తినా?"

"పొయ్యి. అక్కడ బోలెడు ఖాళీ," అన్నాడు జిన్‌షుయ్ బట్టతల తడుముకుంటూ.

మంగళవారం సాయంత్రానికి అన్నీ బిగించాడు. పైతొట్టిలో గొట్టం ముంచి, కింది కొస నోట పెట్టి గట్టిగా పీల్చాడు. నోటినిండా ఉప్పునీళ్ళు! ఉమ్మేసి, కొసను కింది తొట్టిలోకి వదిలాడు. నీళ్ళు ఝామ్మని దిగాయి. ఇక మోటారు వెయ్యడమే తరువాయి. సరిగ్గా అప్పుడే వీధిలో చెత్తబండి పాట వినిపించింది.

ఆ బండి నాలుగు నిమిషాలే ఆగుతుంది. ఎవరి చెత్త వాళ్ళే తెచ్చి వెయ్యాలి. బీయూకి మోకాళ్ళ నొప్పులు మొదలైనప్పట్నుంచీ అది అతని పని.

"ఏమయ్యా, బండి!" వంటింట్లోంచి కేకేసింది బీయూ. "మొన్నటి రొయ్య తొక్కలున్నాయి! ఇవాళ తప్పితే మళ్ళీ ఎల్లుండే! పరిగెత్తు!"

ఆ పాట వింటే ఆ ఊళ్ళో ఎవరి కాళ్ళూ ఆగవు. రెండు సంచులూ అందుకుని నాలుగంతస్తులు దిగిపోయాడు.

వరసలో త్సాయ్ టీచరమ్మ ఉంది. "ఏంటండీ, చొక్కా అంతా తడిసింది?"

"చేపలకు సంపు కడుతున్నానండీ. నీళ్ళు చక్కగా దిగుతున్నా..." జిన్‌షుయ్‌కి తను వెయ్యని మోటారు గుర్తొచ్చింది. "అయ్యబాబోయ్!"

సంచులతోనే వెనక్కి పరుగు.

తలుపు తోశాడు. కింది తొట్టి అంచుదాకా తొణుకుతోంది. దాని ముందు బీయూ, ఆ నొప్పి మోకాళ్ళ మీదే కూర్చుని, గొట్టం కొసను బొటనవేలితో అదిమి పట్టుకుని ఉంది. తొట్టి చుట్టూ ఆవిడ చలికాలం బొంత, కొత్తది, ఉప్పునీటితో ముద్దయింది.

జిన్‌షుయ్ తల దించుకున్నాడు. "మాట మాటే. రేపు పొద్దున్నే నేనే కొట్టుకిచ్చేస్తా."

"ఎందుకూ?"

"చుక్క పడితే ఇచ్చేస్తానన్నావుగా."

"నేలమీద పడితే అన్నా. పడింది బొంత మీద. అయినా నిన్ను తరిమింది నేనేగా. గుడ్లప్పగించి చూస్తావేం? ఆ కంపు సంచులు అవతల పారేసి మోటారు వెయ్యి! మహారాణికి సగం నీళ్ళే మిగిలాయి, నా వేలు తిమ్మిరెక్కింది."

మోటారు వేశాడు. నీళ్ళు బుడబుడా పైకెక్కాయి. కాసేపటికి బీయూ మెల్లగా వేలు తీసింది. పైనుంచి దిగేదీ, కిందనుంచి ఎక్కేదీ సమానమైంది. మహారాణి ఓసారి ఒళ్ళు విదిల్చుకుని మగదాన్ని మూలకు తరిమింది.

జిన్‌షుయ్ వంగి బొంత అంచు పైకెత్తాడు. కింద నేల పలకల మీద అరచెయ్యంత తడి.

బీయూ ఆ అంచును అతని చేతిలోంచి లాక్కుని, తడి కనబడకుండా కప్పేసింది.

"చూశావుగా, పొడి," అంది.

"చూశాను," అన్నాడు జిన్‌షుయ్.