ముహూర్తానికి తెరుచుకోని వెబ్‌సైటు

మొన్న ఆదివారం మా మేనకోడలు కుడి చేత్తో ఇడ్లీ తింటూ, ఎడం చేత్తో ఫోను నొక్కుతూ, తన కుట్టుపని కోసం ఒక వెబ్‌సైటు తెరిచేసింది. పళ్ళెం ఖాళీ అయ్యేలోపు పేరు కొనడం, హోస్టింగు తీసుకోవడం, బొమ్మలు పెట్టడం అన్నీ అయిపోయాయి. నేమ్‌సర్వర్లు మార్చావా తల్లీ అని నేనడిగితే, అవేంటి మామూ అంది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సైటు ఏ కంప్యూటర్లో ఉందో లోకానికి చెప్పే ఆ రెండు లైన్ల కోసం ఒకప్పుడు నేను నెల రోజులు అన్నం సయించక తిరిగాను. ఇంటర్నెట్ సెంటర్లో గంట లెక్కన కూర్చుని పిల్లల ర్యాంకులు చూసుకున్న నా ఈడువాళ్ళు మీరైతే వింటారని చెబుతున్నాను.

అప్పటికి బ్రాడ్‌బ్యాండ్ మా తెనాలికి కొత్తగా వచ్చింది. బోసు రోడ్డు పక్క సందులో, మేడ మీద గదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని నేను హోస్టింగు రీసెల్లర్‌ని అయ్యాను. రీసెల్లర్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీ దగ్గర వెబ్‌సైట్లకు కావలసిన చోటు టోకున కొని, ముక్కలు చేసి మన ఊరి వ్యాపారస్తులకు అద్దెకివ్వడం. మా నాన్న, ఇంట్లో మేం అబ్బా అని పిలిచేవాళ్ళం, షాపులకు బోర్డులు రాసేవాడు. ఇంగ్లీషు చదవడం రాదు గానీ, ఎదురుగా కాగితం పెడితే ఒక్కో అక్షరం అచ్చుగుద్దినట్టు దించేవాడు. ప్రతి బోర్డు కింద మూలన చిన్నగా తన పేరు రాసుకునేవాడు. ఆ పేరునే నేను నా వ్యాపారానికి పెట్టుకుని, దాంతోనే ఒక డొమైను, అంటే నెట్‌లో సైటుకుండే పేరు, కూడా కొన్నాను.

అంతా సవ్యంగా సాగుతోందనుకుంటే బాపట్లలో దెబ్బ తగిలింది. అక్కడ ఎరువుల కొట్టాయన నా కస్టమరు. ఆయన సైటు వివరాలు ఎవరో తెలివైనవాడు తీసి చూస్తే, నేమ్‌సర్వర్లు అన్నచోట నా పేరు లేదు, ఆ పెద్ద కంపెనీ పేరుంది. ఇంకేముంది, మధ్యలో ఈ బ్రోకరెందుకని ఆయన నేరుగా వాళ్ళ దగ్గరికే వెళ్ళిపోయాడు. ఆయన వియ్యంకుడే రేపల్లె రైసుమిల్లు ఆసామి. ఆ ఆసామి సైటు నేను అప్పుడే ఒప్పుకున్నాను. ఆయన మాటకు రేపల్లెలోనూ, నగరం మండలం ఊళ్ళలోనూ ఎంత విలువంటే, ఆయన నిలిస్తే నాకు ఇరవై మంది వస్తారు, ఆయన పోతే మేడ మీద గదికి తాళమే. అందుకని ఆయన సైటుకైనా నా సొంత పేరుతో నేమ్‌సర్వర్లు ఉండి తీరాలని పట్టుబట్టాను.

పట్టుబట్టగానే అయిపోతుందా! పెద్ద కంపెనీవాళ్ళు రెండు ఐపీ అడ్రసులు, అంటే కంప్యూటర్ల ఇంటి నంబర్లు, ఇచ్చారు, నేను వాటికి నా పేర్లు తగిలించాను, ఏదీ కదల్లేదు. వారం రోజులు తల బాదుకున్నాక తెలిసింది, పేరు పెట్టుకుంటే చాలదు, ఆ పేరూ దాని అడ్రసూ డొమైను అమ్మినవాడి దగ్గర కూడా నమోదు చేయించాలట. లేకపోతే, మీ ఇల్లెక్కడండీ అని అడిగితే మా ఇంటికొచ్చి అడగండి అన్నట్టుంటుంది వ్యవహారం. అది చేసి, నా సొంత సైటు వాటి మీద పెట్టి చూస్తే గంటలో తెరుచుకుంది. అబ్బో, ఆ రోజు నా కాళ్ళు నేల మీద లేవు. మార్పు అన్నిచోట్లా తెలియడానికి రెండు రోజుల దాకా పడుతుందని ప్రతి పుస్తకంలోనూ రాసి ఉన్నా, మనకి గంట చాల్లే అనుకున్నాను. నా కొంప ముంచింది ఆ గంటే.

ఎందుకంటే ఆసామి పంతులుగారి చేత ముహూర్తం పెట్టించాడు. గురువారం పదకొండు దాటాక, దుర్ముహూర్తం వెళ్ళాక, అప్పుడే మార్చాలి, ముందు వేలు కూడా పెట్టకూడదని మరీ మరీ చెప్పాడు. రెండు రోజుల ముందే మార్చి ఊరుకుంటే పోయేదానికి, నేను బుద్ధిమంతుడిలా తలూపాను. ఆ మిల్లు గేటు మీది బోర్డు నాన్న రాసిందే కాబట్టి, సాయిబుగారిని కూడా తీసుకురమ్మన్నాడు. ఇద్దరం రేపల్లె పాసింజరెక్కి వెళ్ళేసరికి మిల్లు ఆఫీసులో చుట్టాలు, షావుకార్లు, గుమాస్తాలు నిండిపోయి ఉన్నారు. బాపట్ల వియ్యంకుడు ముందు కుర్చీలో కూర్చున్నాడు. మానిటరుకు పసుపు రాసి బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, పంతులుగారు సైగ చేశారు, నేను రెండు లైన్లూ మార్చి సైటు తెరిచాను.

తెర మీద ఆసామి మిల్లు లేదు, మార్పు ఇంకా అక్కడికి చేరక పాత చోటే తెరుచుకుంది. త్వరలో వస్తుంది అని ఇంగ్లీషులో ఒక పేజీ, దాని నెత్తిన తాటికాయంత అక్షరాలతో ఆ పెద్ద కంపెనీ పేరు! నేనేది దాచాలని నెల రోజులు చచ్చానో అదే పసుపూ కుంకాల మధ్య వెలిగిపోతోంది. వియ్యంకుడు నేను చెప్పలేదా అన్నట్టు చుట్టూ చూశాడు. ఒక చిట్కా ఉంది, ఆ కంప్యూటర్లోనే ఒక ఫైల్లో ఒక లైను రాస్తే ఆ ఒక్క తెర మీద మాత్రం సైటు కనబడుతుంది. ఊరంతా చూసి చప్పట్లు కొట్టి వెళ్ళిపోతుంది, బయట ప్రపంచానికి మాత్రం రెండు రోజులు ఏమీ ఉండదు. చెయ్యి కీబోర్డు మీదికి పోయింది కూడా. నాన్న వంగి ఏంటిరా అనడిగితే సంగతంతా చెవిలో చెప్పాను. ఆయన నా చెయ్యి పక్కకు తీసి, లేచి నిలబడ్డాడు.

"ఆసామిగారూ, మావాడు రాసింది రాశాడండి. రంగు ఆరడానికి రెండ్రోజులు పడుతుందంట. ఇప్పుడు ముట్టుకుంటే పాడవుద్దండి."

ఆయన అంత మాట అన్నాక ఇంక నాకు దాచుకోవాలనిపించలేదు. తెర మీది ఆ పేరు ఎవరిదో, చోటు నాది కాదనీ, టోకున కొని అమ్మేవాణ్ణనీ అందరి ముందూ చెప్పేశాను. ఆసామి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓరి పిచ్చోడా, బస్తా మీద పేరు నాదే, వడ్లు నేను పండించానా? బియ్యంలో రాయొస్తే జనం ఎవర్ని తిడతారు, నన్ను కాదూ? నీ సైటు ఆగితే నేను నిన్ను తిడతాను. అందుకే నీ పేరుండాలి."

వియ్యంకుడితో సహా అందరూ నవ్వేశారు. పులిహోర పెట్టారు. నేను అంత ఆకలిగా, అంత ఆనందంగా ఎన్నడూ తిని ఎరగను. శనివారం పొద్దున్నే రేపల్లె నుంచి ఫోను, వచ్చిందయ్యా వచ్చింది, గేటు మీద సాయిబుగారి బోర్డు ఫొటోతో సహా కనబడుతోందని అరుపులు. ఇరవై మంది కాదు, ఏడాది తిరిగేసరికి అంతకు రెట్టింపు మంది వచ్చారు.

తర్వాత గుమాస్తా ఒకసారి చెప్పాడు. ఆ రెండు రోజులూ మిల్లుకొచ్చిన ప్రతివాడూ సైటేదండీ అని ఎకసెక్కెం చేస్తే, ఆసామి పని మానుకుని ఒక్కొక్కరికీ నా తరఫున నచ్చజెప్పాడట. ఇప్పుడు నేను నొక్కిన మార్పు నిమిషంలో తెలిసిపోతోంది, కస్టమర్ల ముఖం చూసి ఏళ్ళయింది, పది నిమిషాలు సైటు ఆగితే వాళ్ళు నన్ను అడగను కూడా అడగరు, ఇంకొకడి దగ్గరికి మారిపోతారు. వాళ్ళ తప్పేం లేదు లెండి. కానీ మన పని ఇంకా కళ్ళకు కనబడకముందే, ఉందని పదిమందికి చెప్పే మనిషి నాకు మళ్ళీ దొరకలేదు.