నా కీబోర్డు వాయించిన పెళ్లి

సంగీతానికి బరువుండే రోజులవి. మాట వరసకు అనడం లేదు, నిజంగానే ఇద్దరు పట్టి లేపాల్సినంత బరువు. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఫోను మీద ఒకచోట వేలు ఆనిస్తే వీణ, ఇంకోచోట ఆనిస్తే తబలా పలుకుతున్నాయి గానీ, నేను డిగ్రీ గట్టెక్కి మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో బిల్లులు రాసే పనికి కుదిరిన కొత్తలో అన్ని వాయిద్యాలూ ఒకే పెట్టెలో ఉండటమంటే అదొక మహిమ. ఆ మహిమను నేను గిద్దలూరులో ఒక ఆర్కెస్ట్రా ఆయన దగ్గర పాతది కొన్నాను. (ఆయన నాకు ఏమీ కాడు. కానీ మా వైపు వరస కలపకుండా ఎవరినీ పిలవలేం కాబట్టి మామ అనేవాణ్ని.) ఆయన కొత్తది తెచ్చుకుని దీన్ని వదిలించుకుంటున్నాడన్న సంగతి నాకు తట్టలేదు. "ఇది వట్టి కీబోర్డు కాదు అల్లుడా, వర్క్‌స్టేషన్. పాట కట్టొచ్చు, దాసిపెట్టొచ్చు, మన గొంతును గూడా దీంట్ల ఎక్కించి మెట్ల మీద వాయించొచ్చు" అని ఆయన చెబుతుంటే, ఆ నల్లటి తెల్లటి మెట్ల మీద నా భవిష్యత్తు నడిచి వస్తున్నట్టే కనిపించింది.

ఊరికి తెచ్చేటప్పుడు కంభం బస్సులో కండక్టరు ఆ పొడుగాటి పెట్టెను చూసి, "లోపల ఏముందబ్బా?" అన్నాడు. నేను కొంచెం గర్వంగా "సంగీతం" అన్నాను. "ఏదైనా లగేజీ లగేజీనే" అని టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. అర్ధవీడు దాటి మా ఊరు చేరేసరికి ఇంటి ముందు జనం. అవ్వ దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి, "ఇస్త్రీ బల్లనా?" అని అడిగింది. అమ్మ మాత్రం ఏమీ అడగకుండా పసుపు రాసి బొట్టు పెట్టి, దుమ్ము పడకుండా పాత చీర కప్పింది. నాయన గొర్రెల మంద తోలుకుని వచ్చి, కర్ర గోడకానించి, చీర కొంచెం ఎత్తి చూసి, మళ్లీ కప్పేశాడు. "దీనికి నోరుంది, మంచిదే. బుద్ధి గూడా ఉందో లేదో చూసుకున్న్యావా?" అని ఒక్క మాట అన్నాడు.

బుద్ధి సంగతేమో గానీ జ్ఞాపకం మాత్రం దానికి లేదని ఆ సాయంత్రమే తెలిసింది. లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందట. కరెంటు పోతే చాలు, నేర్చుకున్నదంతా మరిచిపోయి పుట్టినప్పుడున్నట్టు అయిపోయేది. మళ్లీ నేర్పాలంటే, నేర్చిందంతా దాచుకునే ఫ్లాపీ అనే నల్లటి బిళ్ల ఒకటి దాని పక్కనున్న సందులో దూర్చాలి. అది గర్ర్ గర్ర్ మని కుట్టుమిషనులా చప్పుడు చేస్తూ, టీ పెట్టుకుని తాగి గ్లాసు కడిగిపెట్టేంతసేపు ఆలోచించి, అప్పుడు సన్నాయి పలికేది. మా ఊళ్లో కరెంటు వచ్చిపోయే తీరు తెలిసినవాళ్లకు నా సాధన ఎట్లా సాగిందో వేరే చెప్పక్కర్లేదు. నేను వాయించినదానికన్నా అది ఫ్లాపీ చదివినదే ఎక్కువ. నడిమి మెట్టు ఒకటి అసలు పలికేది కాదు. అందుకని ఆ మెట్టు అవసరంలేని పాటలే నాకు ఇష్టమైన పాటలయ్యాయి.

ఒక మధ్యాహ్నం, గొంతు ఎక్కించొచ్చని గిద్దలూరు మామ చెప్పిన మాట గుర్తొచ్చి మైకు తగిలించుకుని కూర్చున్నాను. నాయన మజ్జిగకని లోపలికి వచ్చాడు. "నీ గొంతు దీంట్ల పెడతా నాయనా, ఏమన్నా మాట్లాడు" అన్నాను. ఆయన మజ్జిగ చెంబు పక్కన పెట్టి, తలగుడ్డ తీసి విదిలించి మళ్లీ చుట్టుకుని, ఫోటోకి నిలబడ్డట్టు నిలబడ్డాడు. మైకు వంక చూశాడు. నా వంక చూశాడు. "ఏం మాట్లాడాల?" అన్నాడు. ఏదైనా సరేనన్నాను. చివరికి పెద్దగా అనడం అలవాటైన ఒకే ఒక్క మాట అన్నాడు, పొద్దస్తమానం మందను పిలిచే మాట. "డుర్ర్‌ర్... హాయ్ హాయ్... రాండమ్మా."

నేను మెట్టు నొక్కాను. పెట్టెలోంచి అదే పిలుపు వచ్చింది. ఆయన ముఖంలో నవ్వు రాలేదు. "ఇంకోపాలి" అన్నాడు. మళ్లీ నొక్కాను. "అది నేను కాదురా. మా నాయన పిలిచినట్లుంది" అన్నాడు మెల్లిగా. తాత పోయినప్పుడు నేను ఉయ్యాల్లో ఉన్నాను, నాకాయన గొంతు తెలీదు. నాయన మజ్జిగ తాగడం మరిచిపోయి బయటికి వెళ్లిపోయాడు. నేను ఆ పిలుపును ఒక ఫ్లాపీలో జాగ్రత్తగా దాచుకున్నాను. అది కూడా నల్లదే, సన్నాయి ఫ్లాపీ లాగానే. రెండింటికీ చీటీలు అంటించాను గానీ ఎండలకు జిగురు కరిగి ఊడిపోయాయి.

ఇంతలో మా మేనత్త కూతురి పెళ్లి వచ్చింది. మేనత్త ఇల్లు మా పక్క ఊళ్లోనే. నాకూ ఆ మరదలికీ చిన్నప్పటి నుంచి పడేది కాదు, రేగుపండ్ల దగ్గర మొదలైన కొట్లాట డిగ్రీ దాకా సాగింది. అందుకే ఇద్దరికీ ముడి వేయాలన్న ఆలోచన పెద్దవాళ్లకు రాలేదు, మాకు అసలే రాలేదు. కురిచేడు వైపు సంబంధం. పెళ్లికొడుకు నాయన ధాన్యం వ్యాపారం చేసే మనిషి, మాట తూచి మాట్లాడతాడని పేరు. పొద్దున్నే ముహూర్తం. మేళం వాళ్లెక్కిన జీపు దారిలో ఆగిపోయిందని కబురొచ్చింది. మేనత్త పెళ్లిపందిట్లో కూలబడి, "మేళం లేకుండ తాళి కడతారా యాడన్నా? వాళ్ల ముందర తల ఎట్లెత్తుకునేది?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు మేనత్త భర్త, మా సొంత మామ, నా వైపు తిరిగి, "అల్లుడా, నీ పెట్టెలో సన్నాయి ఉందంట గదా. పరువు నీ చేతుల్లో ఉంది" అన్నాడు.

నా చేతుల్లో ఎవరూ అంతకుముందు ఏమీ పెట్టలేదు. పరుగున పోయి ట్రాక్టరు మీద కీబోర్డు తెచ్చాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, ఎందుకో నల్లకళ్లద్దాలు కూడా పెట్టుకున్నాను. (పందిట్లో ఎండ లేదు.) మైకుసెట్టు ఆయన వైరు కలిపాడు. గొట్టం మైకులు వేపచెట్టుకు కట్టి ఉన్నాయి, ఒకటి ఊరి వైపుకీ ఒకటి చేల వైపుకీ. సన్నాయి పలికింది. పెళ్లికూతుర్ని తెచ్చేటప్పుడు వాయించాను, జీలకర్ర బెల్లం అప్పుడు వాయించాను. ఆ మూగ మెట్టును తప్పించుకుంటూ, మధ్యమధ్యలో తలూపుతూ వాయించాను. మేనత్త కళ్లు తుడుచుకుంది. పెళ్లికొడుకు నాయన, ఆ కురిచేడు పెద్దాయన కూడా "పర్వాలేదే" అన్నాడు. అంతటి మనిషి పర్వాలేదంటే నేను ఆకాశంలోకి పోయాను.

అప్పుడే వీడియో ఆయన తన పెద్ద లైటు వెలిగించాడు. టప్‌మని ఫ్యూజు పోయింది. జనరేటరు లాగి కరెంటు ఇచ్చేసరికి నా కీబోర్డు కొత్తగా పుట్టింది, దానికి సన్నాయి అంటే ఏమిటో తెలీదు. అయ్యవారు ఇటు తాళి చేతికిస్తున్నాడు. నేను జేబులోంచి చేతికందిన ఫ్లాపీ తీసి దూర్చాను. అది గర్ర్ గర్ర్ మంటూ ఉంది. అయ్యవారు మంత్రం చదువుతున్నాడు. నేను మనసులో దాన్ని బతిమాలుతున్నాను. సరిగ్గా దాని చదువు ముగిసిన క్షణానికి అయ్యవారు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అన్నాడు. నేను పదివేళ్లూ ఎత్తి ఒక్కసారిగా మెట్ల మీద వేశాను.

పదిమంది నాయనలు పలికారు. ఒకాయన చంటిపిల్లవాడిలా కీచుగా, ఒకాయన ఉరిమినట్టు లావుగా, మిగిలినవాళ్లు మధ్యలో తలా ఒక శ్రుతిలో. "డుర్ర్‌ర్... హాయ్ హాయ్... రాండమ్మా." నల్లకళ్లద్దాల వెనక నాకు లోకం ఆగిపోయింది. చేతులు వెనక్కి తీసుకోబోతే వేళ్లు మళ్లీ మెట్లకు తగిలాయి, మళ్లీ పిలిచారు. పెళ్లికొడుకు తాళి పట్టుకుని అట్లాగే బిగుసుకుపోయాడు. అయ్యవారొక్కడే తేరుకుని, "కట్టు నాయనా, కట్టు, ముహూర్తం దాటిపోతాది" అన్నాడు.

అసలు సంగతేమిటంటే, ఎరువు కోసమని నాయన మందను ఆ వారం మేనత్త వాళ్ల చేలోనే ఆపారు, పందిరికి కూతవేటు దూరంలో. కాపలాకు మా చిన్నాయన ఉన్నాడు. ఆయన తర్వాత చెప్పాడు, "నేను మంద చుట్టూ కట్టిన వల పట్టుకోని అడ్డం నిలబడినా. మా అన్న అంత గట్టిగా పిలిస్తే అవి నా మాట యాడ వింటాయి" అని. మొదట గంటల చప్పుడు వినిపించింది. తర్వాత దుమ్ము. ఆ తర్వాత మంద మొత్తం, పొట్టేళ్లు ముందు, పిల్లలు వెనక, చక్కగా పందిట్లోకి వచ్చేసింది. జనం వేసిన అక్షింతలు పెళ్లివాళ్ల మీద పడినవి పడగా కింద పడినవన్నీ గొర్రెలు తిన్నాయి. ఒక పొట్టేలు గుంజకు కట్టిన మామిడాకులు అందినంతవరకు లాగింది. ఒకటి కురిచేడు పెద్దాయన కండువా అంచు నమలసాగింది. మూడు ముళ్లూ ఎప్పుడు పడ్డాయో అయ్యవారికీ ఆ దేవుడికీ తెలియాలి.

పెద్దాయన కండువా లాక్కుని నా వైపు తిరిగాడు. ఎవరో ఆయన చెవిలో ఏదో చెప్పారు. ఆయన ముఖం ఎర్రబడింది. "వరసకు బావంట గదా ఈ పిల్లోడు. పిల్లను ఇయ్యలేదని కడుపులో పెట్టుకోని చేసినాడా ఈ పని?" అన్నాడు. మేనత్త నన్ను చూసిన చూపులో ఇంకో ఘడియ ఆగితే నమ్మేసేటట్టుంది. నేను కళ్లద్దాలు తీసి ఏదో అనబోయాను. అప్పుడు తలొంచుకుని కూర్చున్న మరదలు తలెత్తి, మెడలో పచ్చటి తాడుతో, పెద్దాయన వైపు చూసి అందరికీ వినపడేట్టు అంది: "మామా, మా బావకు అంత తెలివి లేదులే."

పెళ్లికొడుకు మొదట నవ్వాడు. తర్వాత పందిరి నవ్వింది. పెద్దాయన మీసం కదలకుండా ఆపుకుందామని చూసి, చేతకాక తానూ నవ్వాడు. జన్మలో ఎవరూ నా గురించి అంత మేలు చేసిన మాట అనలేదు.

ఆ నవ్వుల్లో నాయన లేచాడు. పంచె పైకి కట్టుకుని, పందిరి దాటి బయటికి పోయి నిలబడి, ఒక్కసారి పిలిచాడు. మైకు లేదు, పెట్టె లేదు. గొర్రెలన్నీ తలెత్తి, నములుతున్నవి నములుతూనే ఆయన వెంట వరసగా వెళ్లిపోయాయి. సాయంత్రం కీబోర్డు ట్రాక్టరు ఎక్కిస్తుంటే ఆయనే ఒక పక్క పట్టాడు. తిడతాడని తలొంచుకుని ఉన్నాను. "యాడో ఒక శ్రుతిలో మా నాయన మళ్లీ పలికినాడురా. ఆ లావు గొంతు" అన్నాడు.

మొన్న మరదలి ఇంటికి పోయినప్పుడు ఆ పెళ్లి వీడియో పెట్టింది. వాళ్లింట్లో అందరికీ అది కంఠతా వచ్చు. నేను మాత్రం గొర్రెలను చూడలేదు, మూలన ఉన్న ఒక కుర్రవాణ్ని చూశాను. తలకు నూనె, నీడలో నల్లకళ్లద్దాలు. గట్టిమేళానికి ముందు ఆ ఒక్క క్షణం, పది వేళ్లూ గాల్లోకి ఎత్తి, పెదవి బిగించి, ఊరి పరువంతా తన మీదే ఆధారపడి ఉందన్నంత శ్రద్ధగా అయ్యవారి చెయ్యి వంకే చూస్తున్నాడు. ఆ తర్వాత నేను చేసిన ఏ పనిలోనూ నాకు అంత నమ్మకం కనిపించలేదు. "ఆపేదా బావా?" అంది మరదలు రిమోటు పట్టుకుని. కాసేపు అక్కడే ఆపి ఉంచమన్నాను, వాణ్ని అట్లాగే చేతులెత్తి ఉండనిమ్మన్నాను.