పెదవులు చూసి విన్న పాట

నా కోపం ముక్కు మీదే ఉంటుందని అవ్వ అనేది. మా వైపు తల్లిని అవ్వ అంటాం. ఆ కోపం వల్ల నా పరువొక్కటే పోయి ఉంటే ఇంతకాలం నెమరేసుకునేవాణ్ణి కాదు. పోయింది అవ్వ పాట.

బొంబాయి పక్కన భివండీలో, నార్పోలి వైపు ఒక కార్ఖానాలో సాంచాలు నడిపేవాణ్ణి. కరెంటుతో నడిచే మగ్గాలను మేం సాంచాలనే అంటాం. వాటి మోతలో పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకని మేం అరవం. పెదవులు కదుపుతాం, చేతులు తిప్పుతాం, అంతే. అటు చివరనున్నవాడు చాయ్‌కి పోదామన్నా, కార్ఖానా సేట్‌ని బూతులు తిట్టినా ఇటు చివరనున్నవాడికి అందుతుంది. అలా మూతి చూసే కొట్లాటలు పెట్టుకున్నాం, మూతి చూసే రాజీపడ్డాం. ఎవడికైనా వినికిడి తగ్గిందా అన్న మాట మాత్రం మాలో ఎవడూ ఎత్తడు. చెవిటోడా అని పిలిస్తే చెయ్యి చేసుకోవడమే.

ఆదివారం చర్చిలో మైకుసెట్టు నాది. ఆ ధైర్యంతోనే మా చర్చి పోరగాళ్లు ఒక రాక్ బ్యాండు కట్టారు. రెండు కరెంటు గిటార్లు, అరువు తెచ్చిన డ్రమ్ములు, పాడటానికి మా చెల్లె. చెల్లె ఇంటిపట్టునే ఉండి అవ్వతో కలిసి కండెలకు నూలు చుట్టేది. కార్ఖానా గడప ఎన్నడూ తొక్కలేదు. అందుకే దాని చెవులు బాగున్నాయని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడెవడు ఆలోచించాడు!

వాళ్లు పాడే పాటల్లో ఒకటి అవ్వది. ఊళ్లో పరాయివాళ్ల మడుల్లో నాట్లేస్తూ ఆమె పాడిన పాట. చెల్లె దాన్ని నేర్చుకుని డ్రమ్ముల మీదికి ఎక్కించింది. మొదటిసారి విన్నప్పుడు అవ్వ పడీపడీ నవ్వింది.

"గిదేందే, బురదల పాడిన పాటకు కరెంటు పెడ్తిరి!"

నవ్విందే గానీ, మర్నాటి నుంచి కండెలు చుడుతూ ఆ కొత్త దరువుకే తలూపేది.

బొంబాయిలో టీవీ వచ్చిన కొత్త రోజులవి. యువకుల కార్యక్రమంలో పాడమని మావాళ్లను పిలిచారు. అది లైవు. అక్కడ పాడింది అప్పుడే ఇళ్లల్లో వినపడుతుంది, తప్పుపోతే మళ్లీ మొదటికి రావడం ఉండదు. బయల్దేరే ముందు అవ్వ నా చెయ్యి పట్టుకుంది. అప్పటికే ఆమె కళ్లకు పొర కమ్మింది. మనిషి నీడలా కనిపించేవాడు, అంతే. కండెలు కూడా చేతివాటంతోనే చుట్టేది.

"సేట్ వసారల కార్ఖానోళ్లందరికి టీవీ పెడ్తడంట బిడ్డా. నాకు బొమ్మ ఎట్లనూ కనవడది. నా పాట మంచిగ ఇనవడాలె. గది నీ చేతులున్నది."

"రంది పెట్టుకోకు అవ్వా. బొంబాయంత ఇంటది" అన్నాను. కోతలు కొయ్యడానికి నాకేం ఖర్చు!

స్టూడియోలో నన్ను అద్దం వెనక గదిలో కూర్చోబెట్టారు. అద్దానికి అవతల, సరిగ్గా నాకెదురుగా, చెల్లె. గిటార్లు, డ్రమ్ములు, దాని మైకు అన్నీ మా మిక్సర్‌లోకి వస్తాయి. అక్కణ్ణించి ఒక్క తీగె నా పక్కన కూర్చున్న టీవీ ఆయనకు పోతుంది. మొత్తం శబ్దాన్ని పెంచడం, తగ్గించడం ఆయన పని. అందులో గొంతెంత, గిటారెంత అన్నది మాత్రం నా చేతిలోనే ఉంది. హాల్లో అయితే మైకు తప్పినా డ్రమ్ము తనంతట తనే చెవికి చేరుతుంది, గొంతు కూడా కాస్తో కూస్తో చేరుతుంది. టీవీలో ఆ తీగెలో పోయిందే పాట, పోనిది లేనట్టే. పైగా మా పోరగాళ్లు రిహార్సల్లో బుద్ధిమంతులు. లైట్లు పడ్డాయో లేదో, గిటారు వాడు తన నాబ్ తనే పెంచేసుకున్నాడు. డ్రమ్ముల వాడి మోత చెల్లె మైకులోకి దూరుతోంది.

అవ్వ పాట మొదలైంది. టీవీ ఆయన నా వైపు వంగాడు.

"భాయ్, లడ్కీ కా ఆవాజ్ ఉఠావ్."

నేను హెడ్‌ఫోను సర్దుకుని అద్దంలోంచి చెల్లెను చూశాను. ఒక్కో మాటా స్పష్టంగా వినపడింది. వినపడింది అనే అనుకున్నాను, దేవుడి సాక్షి. పిల్ల గొంతు తగ్గిందట! ఆయన మళ్లీ వేలు పైకెత్తి చూపించాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"సబ్ సునాయీ దేతా హై. మై బహిరా హూఁ క్యా?" అని ఎగిరాను. అంతా వినపడుతోంది, నేనేమన్నా చెవిటోణ్ణా అని! ఆ గదిలో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. పాట నడుస్తుంటే దెబ్బలాటకు టైమెక్కడిది? ఆయన మొత్తం శబ్దాన్నే కొంచెం పెంచి ఊరుకున్నాడు. గిటారు సన్నతీగెల్లో నాకు మెరుపు తక్కువనిపించింది. దాన్ని ఇంకా పెంచాను. గెలిచాననుకున్నాను.

ఇల్లు చేరేసరికి అంతా నిద్రలో ఉన్నారు. పొద్దున్నే చాయ్ హోటల్ దగ్గర మా కార్ఖానా వాళ్లు నా వీపు చరిచారు.

"ఏం పాడిందిర నీ చెల్లె! ఒక్క మాట పోలేదు."

"మొకం గింత పెద్దగ చూపిచ్చిన్రు. అన్నీ ఇనవడ్డయ్."

నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను. గడపలో అవ్వ, చెల్లె కండెల గంప ముందు కూర్చుని ఉన్నారు. అవ్వ చెల్లెను ఏదో అడుగుతోంది. పొద్దటి వెలుతురు ఆమె ముఖం మీదే పడుతోంది, ప్రతి మాటా నాకందింది.

"నువ్వు పాడనే లేదా బిడ్డా? డ్రమ్ములు, తీగెలే ఇనవడ్డయ్. నా పాట ఎప్పుడొస్తదా అని ఆఖరుదాంక కూసున్న. అందరు సప్పట్లు కొట్టిన్రు. నేను గూడ కొట్టిన."

చెల్లె నా వైపు చూసింది. నేను చెయ్యాల్సింది అప్పుడైనా నోరు మూసుకోవడం. చేశానా?

"ఊరంత ఇన్నది, నీకొక్కదానికే ఇనవడలేదా? కండ్లు పోయినట్టు నీ చెవులు గూడ పోయినయా?" అని తల్లి మీద అరిచాను.

చెల్లె లేచి నా ముందుకు వచ్చి నిలబడింది. ఓణీ చెంగు మూతికి అడ్డం పెట్టుకుంది. దాని కళ్లు కదిలాయి, బుగ్గలు కదిలాయి.

"ఏందీ?" అన్నాను.

మళ్లీ అంది.

"ఏందే, గట్టిగ చెప్పు!"

చెంగు తీసేసింది.

"గట్టిగనే చెప్పిన. నువ్వు ఇంటలేవన్నా, చూస్తున్నవ్. హోటల్‌కాడి మీ వాళ్లు గూడ చూసిన్రు."

తలకొట్టేసినట్టయింది. చర్చిలో నా మైకుసెట్టు పాడేవాళ్ల వెనక ఉంటుంది. అక్కడ చెల్లె వీపు తప్ప మూతి కనపడదు. అందుకే నాకు వినపడేదాకా దాని గొంతు పెంచుతూ పోయేవాణ్ణి, అందరికీ బాగుండేది. స్టూడియోలో ఎదురుగా నిలబడింది. మూతి కనపడింది, చాలనుకున్నాను. ఆ వసారాలో చెవులతో విన్న మనిషి అవ్వ ఒక్కతే. ఆమె చెవులు పోయాయన్నాను. టీవీ ఆయన ముందు ఎగిరిన ఎగురుడు గుర్తొచ్చి ఒళ్లు కాలినట్టయింది. సిగ్గంటే ఏంటో ఆ పూట తెలిసింది. కూర్చోలేకపోయాను, బయటికీ పోలేకపోయాను.

"పోనీ తియ్యి" అంది అవ్వ, చెల్లె చెయ్యి వెతుక్కుంటూ. "గిప్పుడు పాడు. నేనింట."

చెల్లె ఆమె పక్కన కూర్చుని, నాకు వీపు పెట్టి, చెవి దగ్గర నోరు పెట్టి పాడింది. ఏదో సన్నగా మూలిగినట్టు వచ్చింది తప్ప నాకు ఒక్క మాటా అందలేదు. చిన్నప్పటి నుంచి తెలిసిన పాటే. ఏ చరణంలో ఉందో కూడా పోల్చుకోలేకపోయాను. అవ్వ నవ్వింది. తర్వాత ఒకచోట ఆమె చేతిలో కండె ఆగిపోయింది, పొర కమ్మిన కళ్లలోంచి నీళ్లు కారాయి.

ఏ మాట దగ్గర ఏడ్చిందో నాకు తెలియదు.