చింతపండుతో తోమిన తేనెపట్టు

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని పొయ్యి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. (పొయ్యి ఆరి ఉంది. అయినా ప్రమాణం ప్రమాణమే.) ఆ రోజుల్లో, అంటే రెండువేల పన్నెండు ప్రాంతంలో, ఉద్యోగం లేకుండా ముప్ఫైకి దగ్గరపడుతున్న నాకు విజయనగరంలో ఒక పొయ్యిల కంపెనీ పని ఇచ్చింది. కోటబొమ్మాళిలో ఒక చర్చి వంటశాలలో పొగరాని కట్టెల పొయ్యి పెట్టి, నెల్లాళ్లు దగ్గరుండి నడిపించాలి. నెలాఖరు ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ పెట్టే ప్రేమవిందుకి మేనేజరు వస్తాడు. పొగ లేకపోతే ఉద్యోగం ఖాయం, ఉంటే ఇంటికి బస్సు.

ఆ వంటశాలకి మహారాణి పెద్దమ్మ. (నాకేమీ కాదు, ఊరందరికీ పెద్దమ్మే.) ఏళ్ల తరబడి పొగకి ఎర్రబడిన ఆవిడ కళ్లు ఎప్పుడు చూసినా అప్పుడే ఏడ్చి లేచినట్టుండేవి, నోరు మాత్రం ఎదుటివాళ్లని ఏడిపించేది. పొయ్యి గొట్టం మొదట్లో తేనెపట్టులా సన్నటి కన్నాలున్న పింగాణీ బిళ్ల ఉంటుందనీ, కన్నాల గోడలకి ప్లాటినంలాంటి లోహం పలచగా పూసి ఉంటుందనీ, బిళ్ల వేడెక్కాక అందులోంచి పోయే పొగ కూడా మండిపోతుందనీ, పూత మాత్రం కాలదనీ గంభీరంగా వివరించాను.

"అంటే తను కాలదు, పక్కోల్ని కాలుస్తాదా?"

"అంతే పెద్దమ్మా."

"దీనికింత సదువెందుకురా బావూ! అచ్చం మా ఆడపడుసే."

పొయ్యి బాగా వేడెక్కేదాకా పొగని పక్కదారిన వదిలే తలుపు తీసి ఉంచాలి, ఆ తరువాతే మూసి బిళ్లలోకి మళ్లించాలి. పచ్చికట్టె, రంగేసిన చెక్క, ప్లాస్టిక్కు పెట్టకూడదు. చల్లారాక మెత్తటి కుంచెతో బూడిద దులపాలి, రుద్దితే పూత పోతుంది. ఇవన్నీ బైబిలు వాక్యాల్లా ఆవిడ చేత రోజూ అప్పజెప్పించుకునేవాణ్ణి. నెల తిరిగేసరికి పెద్దమ్మ కళ్లలో ఎరుపు తగ్గింది. "ఒరే, ఈ పొయ్యి తీసేస్తే నాను గరిటె ముట్టను," అని పాస్టరుగారికే చెప్పేసింది.

విందు ముందురోజు, శనివారం, ఆవిడ సంతకెళ్లిన సమయంలో, చల్లారిన బిళ్లని బయటికి లాగి చూశాను. బూడిదరంగులో దిగులుగా ఉంది. మేనేజరు దాన్లో తన మొహం చూసుకోవాలని పట్టుదల పుట్టింది. (పట్టుదల వచ్చాక బుర్ర వాడే అలవాటు మా వంశంలో లేదు.) చింతపండు, కొబ్బరిపీచు తీసుకుని, ఇత్తడి బిందెని తోమినట్టు గంటసేపు తోమి, ఎండబెట్టి, బిగించేశాను.

మర్నాడు ఆరాధన అయ్యింది. మేనేజరు వంటశాలలోకి వచ్చాడు. నేను హుందాగా పక్కదారి తలుపు మూశాను. కన్నాల నిండా చింతపండు గుజ్జూ పీచూ ఇరుక్కుని ఉన్నాయేమో, పొగ ఎటూ పోలేక పొయ్యి నోట్లోంచి మా మొహాల మీదికే తిరిగొచ్చింది. మాడిన పులిహోర వాసన! పాస్టరుగారు దగ్గుతూ బయటికి పరిగెత్తారు. పెద్దమ్మే ఉరికి పక్కదారి తలుపు తీసింది.

"చింతపండుతో తోమిందెవరు?" అని మేనేజరు అరిచాడు.

నేను ఒక్క అడుగు ముందుకేశాను. "నేనే సార్. నన్ను తీసేసినా ఫరవాలేదు, పెద్దమ్మకి మాత్రం కొత్త బిళ్ల వేయించండి." మేనేజరు కరిగిపోయాడు. ఇలాంటి నిజాయితీపరుడే కావాలని ఉద్యోగం ఖాయం చేశాడు.

ఈ చివరి ముక్క కల్పితం. ఆవేళ నేను నోరు తెరవనేలేదు, నేల చూస్తూ నిలబడ్డాను. "నానే తోమినాను బావూ. కుర్రోడు వద్దనే సెప్పినాడు, నానే యినుకోనేదు," అన్నది పెద్దమ్మ. రుద్దకూడదన్న వాక్యం నాకంటే బాగా అప్పజెప్పగలిగిన మనిషి! మేనేజరు అందరి ముందూ కసిరితే, ఆ నోరున్న మనిషి తల వంచుకుని మాటలు పడింది.

తరువాత ఆవిడ దగ్గరికెళ్లి, "ఎందుకలా చెప్పావు పెద్దమ్మా?" అన్నాను.

"నన్నయితే తిట్టి వదిలేస్తాడు, నిన్నయితే బస్సెక్కిస్తాడు. ఎల్లెల్లు, కొత్త బిల్ల అట్టుకురా. నాకు పొగ పడదు."

తెచ్చి బిగించాను, ఉద్యోగమూ నిలిచింది. ఈ కథ ఎవరికి చెప్పినా, "నేనే సార్" అనే చోటికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే గంభీరమైపోతుంది. ఆ రెండు మాటలూ ఆవేళ ఒక్కసారి అనేసి ఉంటే, ఈ వయసులో ఇన్నిసార్లు అనాల్సిన పని ఉండేది కాదని నాలో నేనే నవ్వుకుంటాను.